బుగ్గలో బెల్లం ముక్క

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. నోట్లో బ్రష్షు పెట్టుకుని, మంచం మీద వాళ్ల నాన్నలా స్టెప్పులేస్తూ బోర్లా పడింది. మా ఆయన సినిమాల్లో గ్రూప్ డాన్సర్. నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. కృష్ణానగర్ నుంచి పిల్లనెత్తుకుని బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి పరుగెత్తాం.

అంగిట్లో చిన్న గాయం. స్కాన్ బాగానే ఉంది. డాక్టరమ్మ మాత్రం, "ఆ వెనకే మెదడుకు వెళ్లే రక్తనాళం ఉంటుంది. అది నలిగితే ఒక్కోసారి ఆలస్యంగా అందులో రక్తం గడ్డ కడుతుంది. అరుదే అనుకోండి. కానీ మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మరీ మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురండి. మెత్తటి తిండే పెట్టండి" అంది.

ఇక మా ఆయన పిల్లను వదల్లేదు. "నవ్వమ్మా. చేతులెత్తు. ఒంటికాలి మీద నిలబడు." ఎలా నిలబడాలో చూపించబోయి తనే తూలి పడ్డాడు. "నాన్నకి ఆసుపత్రి!" అని అది చప్పట్లు కొట్టింది.

మర్నాడు నేను హీరోయిన్ ఏడుపు చెబుతుంటే కబురొచ్చింది: పిల్ల మూతి ఒక పక్కకు పోయింది, మాట్లాడటం లేదు. సగంలో ఆపిన ఏడుపు ఆటోలో పూర్తిచేశాను.

ఆసుపత్రిలో మా ఆయన, మా ఇంటి ఓనరమ్మ పిల్లకు చెరోపక్క నిలబడి ఉన్నారు. పిల్ల ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. చేతులెత్తమంటే రెండూ చక్కగా ఎత్తింది. నోరు తెరవమంటే అడ్డంగా తలూపింది. డాక్టరమ్మ బతిమాలి తెరిపించింది. ఆవిడ అరచేతిలోకి సగం కరిగిన బెల్లం ముక్క జారిపడింది.

"ఎవరిచ్చారే?" అన్నాను.

పిల్ల ఓనరమ్మను చూపించింది.

"జావ తాగి తాగి పోరి సొక్కిపోయింది. పాణం ఆగక ఇచ్చిన. మెల్లగ చప్పరించు, ఎవరికీ చూపియ్యకు అన్న" అందావిడ.

"మరి ఇంటి దగ్గరే చెప్పొచ్చుగా అమ్మా?"

"నీ మొగుడు మూతి వంకర, మూతి వంకర అని ఒర్రుకుంట ఉరికిండు. నేను గూడ నిజమే అనుకున్న!"

డాక్టరమ్మ నవ్వాపుకుంటూనే పిల్లను తల నుంచి కాలిదాకా పరీక్షించింది. "అంతా బాగుంది. అనుమానమొస్తే మళ్లీ ఇలాగే రండి, మొహమాటపడకండి" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల కునుకు తీసింది. మత్తేమోనని ముగ్గురం కలిసి కుదిపాం.

"నిద్దరొస్తోంది! నన్నొదిలేయండి!" అని అరిచింది.

ఒక్క అక్షరం తడబడలేదు. గాయం కూడా తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా మానిపోయింది.