నాలుగింటి పిలుపు

అరవై రెండేళ్ళ హైమవతి వీడియో గేము ఆడుతుందంటే శ్రీకాకుళంలో ఆ వీధివాళ్ళు మొదట్లో నమ్మలేదు. ముప్పై ఏళ్ళు బడిలో సంగీతం చెప్పి రిటైరయిన మనిషి, పిల్ల అపస్వరం పలికితే గది అవతలి నుంచే పట్టేసే మనిషి, సాయంత్రం నాలుగయ్యేసరికి కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, టీవీ ముందు చాప పరుచుకుని రిమోటు పట్టుకునేది. ఆట రిమోటుకి వేరే పేరుందని ఎవరు చెప్పినా ఆవిడకి అది రిమోటే. భర్త కూర్మనాథం తెలుగు పండితుడిగా చేసి రిటైరయినాడు. ఆ వేళకి ఎవరైనా వస్తే, "మా ఆవిడ దీవిలోకెళ్ళింది, గంటాగి రండి" అని గుమ్మంలోనే చెప్పి పంపేసేవాడు. వెటకారమే. కానీ ఆ గంటలో వార్తలు పెట్టమని ఒక్కనాడూ అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, ఆ దీవిలో హైమవతితో ఆడే రెండో మనిషి ఎవరో ఆయనకి తెలుసు. విజయనగరంలో ఉన్న ఆవిడ వదిన జగదీశ్వరి.

వదినకీ ఆడపడుచుకీ మాటల్లేక ఏడేళ్ళు. కారణం చెబితే నవ్వుతారు గానీ, నవ్వకండి, మన ఇళ్ళలో ఇలాంటివి ఎన్ని లేవు? అన్న జగన్నాథం కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఇంటింటికీ వెళ్ళి అందరినీ బొట్టుపెట్టి పిలిచిన జగదీశ్వరి, సొంత ఆడపడుచుకి మాత్రం ఫోను చేసి రమ్మంది. బస్సెక్కితే రెండు గంటల దారి, నా గుమ్మం అంత దూరమైపోయిందా అని హైమవతికి మనసు కలుక్కుమంది. వెళ్ళలేదు. ఆడపడుచు రాలేదేమని నలుగురూ అడిగేసరికి అక్కడ వదినకి తల కొట్టేసినట్టయింది. ఇక ఆవిడా బిగుసుకుపోయింది. చిలికి చిలికి గాలివాన కావడమంటే ఇదే.

మూడేళ్ళ కిందట హైమవతి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు వంగక, వీణ గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది. విశాఖలో ఉద్యోగం చేస్తున్న జగదీశ్వరి కొడుకు ఉపేంద్ర, వేళ్ళకి పని ఉంటుందని మేనత్తకి ఒక గేము పెట్టె తెచ్చి బిగించాడు. నల్లది. అచ్చం అలాంటిదే ఒకటి తల్లికీ ఇచ్చాడు. ఆ ఆటలో ఒక దీవి ఉంటుంది, దాన్ని ఇద్దరు కలిసి సాగు చెయ్యాలి. ఒకరు గట్టు వేస్తే ఒకరు నీళ్ళు పెట్టాలి. వాడు ఆ ఆటే ఎందుకు ఎక్కించాడో మీకూ నాకూ తెలుసు.

మర్నాడు నాలుగింటికి టీవీ మీద గంట మోగింది. తెరమీద ఇంగ్లీషులో వదిన పేరు, దాని కింద వస్తారా రారా అన్న ప్రశ్న. హైమవతి పది నిమిషాలు ఆ పేరుకేసి చూసింది. చివరికి, వేళ్ళకి మంచిది కదా అని తనకు తనే చెప్పుకుని నొక్కింది.

మాటలు లేవు. ఇటు బొమ్మ చెయ్యూపితే అటు బొమ్మ చెయ్యూపేది, అంతే. వదిన వంకాయలు వేసింది, హైమవతి ఎర్రపూలు వేసి వాటిని కనకాంబరాలనుకుంది. ఒకనాడు వదిన రాలేదు. మర్నాడు ఆవిడ బొమ్మ కుంటుతున్నట్టు నడిస్తే, మోకాలు నొప్పి కాబోలని హైమవతి ఆ రోజు నీళ్ళన్నీ తనే మోసింది. బొట్టుపెట్టి పిలవని మనిషి రోజూ నాలుగింటికి తప్పకుండా పిలిచేది. హైమవతికి ఆ గంట వినబడితేనే పొద్దు గడిచినట్టుండేది.

ఇక రంగనాథం సంగతి. ఎదురుగా టీవీలు, ఫ్రిజ్జులు అమ్మే కొట్టు ఆయనదే. మంచివాడు. ఒకటే జబ్బు, ఎప్పుడూ గెలిచేవాళ్ళ పక్షం. ఓడిపోయేవాడికి ఓటేసి ఎందుకు పారబోసుకోవాలంటాడు. ఆయన అమ్మేది తెల్లపెట్టె. ఉపేంద్ర వచ్చినప్పుడల్లా ఇద్దరూ అరుగు మీద కూర్చుని, ఇది ఇన్ని కోట్లు అమ్ముడైందంటే అది అన్ని కోట్లు అమ్ముడైందని, ఇద్దరు హీరోల అభిమానుల్లా గొంతులు చించుకునేవారు. ఆ కంపెనీలో వీళ్ళకి వాటా ఉందా పాడా అని హైమవతి నవ్వుకునేది.

కానీ ఈసారి రంగనాథం ఫోనులో అమ్మకాల గీతలు చూపిస్తూ నిజంగా దిగులుగా వచ్చాడు. "నల్లపెట్టె పనైపోనాది పంతులమ్మగోరూ. సూడండి, ఎవులూ కొనట్లేదు. రేపో మాపో ఆ కంపెనీ మూసేస్తాది, మీ దీవి కాస్తా గాలికి పోతాది."

ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. దీవి పోతే నాలుగింటి గంట పోతుంది. గంట పోతే వదిన పోతుంది. రెండు రోజులు హైమవతికి అన్నం సయించలేదు. ఫోను మార్చినా నంబరు పోదు కదా, ఇదీ అంతేననుకుంది. భర్తనడగలేదు, ఉపేంద్రనడగలేదు. మూడోనాడు నల్లది రంగనాథానికిచ్చేసి తెల్లది తెచ్చుకుంది. ఆయనే స్వయంగా వచ్చి బిగించి, దీవి ఆట ఎక్కించి వెళ్ళాడు.

నాలుగయింది. గంట మోగలేదు. అయిదయింది. దీవి ఉంది గానీ అందులో గడ్డి తప్ప ఏమీ లేదు. కబురెడితే రంగనాథం పరుగున వచ్చి బటన్లన్నీ నొక్కి, ఎవరికో ఫోను చేసి, బుర్ర గోక్కున్నాడు. ఈ ఆటలో తెల్లపెట్టెవాళ్ళు తెల్లపెట్టెవాళ్ళతోనే ఆడగలరట. నల్లపెట్టెవాళ్ళు వీళ్ళకి కనబడరట.

"ఇందులో చాలామంది ఉన్నారన్నావు కదయ్యా?" అంది హైమవతి.

"ఉన్నారండి. కోట్లమంది ఉన్నారు," అన్నాడు రంగనాథం చిన్నబోయి.

అంతమందిలో ఆవిడకి కావలసిన ఒక్క మనిషీ లేదు. పోనీ పాతది తెచ్చేసుకుందామంటే, వ్యాపారస్థుడి చేతిలో సరుకు నిలుస్తుందా, మధ్యాహ్నమే ఎవరో కొని రాజాం పట్టుకుపోయారు.

రెండోనాడూ నాలుగయింది, మూడోనాడూ అయింది. అక్కడ వదిన పిలుస్తూనే ఉంటుందని హైమవతికి తెలుసు. పిలిచింది, రాలేదు. మళ్ళీ పిలిచింది, మళ్ళీ రాలేదు. ఇదంతా వదినకి ఎలా కనిపిస్తుంది? గృహప్రవేశం నాడు చేసిన పనే మళ్ళీ చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్క ఫోను కొట్టి చెప్పెయ్యరాదా అన్నాడు కూర్మనాథం.

"ఫోనులో పిలిచిందని ఏడేళ్ళు సాధించేను. ఇప్పుడు నేను ఫోనులో చెప్పనా? ఏ మొహం పెట్టుకుని?"

నాలుగోనాడు భోజనం కాగానే, పిలవని పేరంటానికి బయల్దేరింది. బస్సు చిలకపాలెం దాటేదాకా ధైర్యంగానే ఉంది. నాతవలస దగ్గర దిగిపోయి వెనక్కి పోదామనిపించింది. దిగలేదు. విజయనగరంలో ఆటోవాడికి అడ్రసు చెబుతుంటే, సొంత అన్న ఇల్లు తను ఎన్నడూ చూడలేదన్న సంగతికి సిగ్గేసింది.

తలుపు జగన్నాథం తీశాడు. చెల్లెల్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. హాల్లో జగదీశ్వరి ఇటు వీపు పెట్టి, కుర్చీలో, టీవీకి మరీ దగ్గరగా కూర్చుని ఉంది. గోడ గడియారంలో నాలుగూ అయిదు. తెరమీద హైమవతి పేరుంది, జవాబు లేదు. జగదీశ్వరి మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"వదినా," అంది హైమవతి.

జగదీశ్వరి వెనక్కి తిరిగింది. కళ్ళజోడు తీసి, పెట్టుకుని చూసింది. "మూడ్రోజులై పిలుస్తన్నాను. రావేటి?" అంది. ఆ గొంతులో కోపం ఒక్క ముక్కకి మించి నిలవలేదు.

"బుద్ధి గడ్డి తిని పెట్టె మార్చేను వదినా. నువ్వు దూరమైపోతావని భయమేసి మార్చేను. అందులో నువ్వు పిలిస్తే నాకు వినబడదు." చెబుతూనే హైమవతి ఏడ్చేసింది. అరవై రెండేళ్ళొచ్చాయని ఏడుపు ఆగుతుందా?

జగదీశ్వరి మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. కుంకుమ భరిణెతో వచ్చింది. బొట్టు పెడుతుంటే కాస్త కుంకుమ ఆడపడుచు ముక్కు మీద రాలింది.

"ఇది ఆ గృహప్రవేశానిది," అంది. "నీ గుమ్మానికి రాలేదేమంటే మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పేను అప్పుడు. నొప్పులు కాదు, బద్ధకం. హైమే కదా, ఏటనుకుంటుందిలే అనుకున్నాను. తప్పు నాదే."

జగన్నాథం వంటింట్లోకి వెళ్ళి, ఎన్నడూ పెట్టని కాఫీ పెడతానని గిన్నెలు చప్పుడు చేశాడు. జగదీశ్వరి టీవీ కింద సొరుగులోంచి రెండో రిమోటు తీసింది. పెట్టెతో పాటు వచ్చిందే, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పళ్ళతో చింపి ఆడపడుచు చేతికిచ్చింది.

దీవి వచ్చింది. ఆ ఆటలో ఒక్కరోజు నీళ్ళు తప్పితే మొక్క వాడిపోతుంది. హైమవతి తన మడికేసి చూడలేక చూసింది. కనకాంబరాలు నిండుగా ఉన్నాయి. నేల తడిగా ఉంది.

"ఎవరు పోసేరు?"

"ఇంకెవరు? మీ అన్నయ్యకి ఏ బటనేదో తెలుసేటి?"

ఇంతలో హైమవతి ఫోను మోగింది. రంగనాథం. రాజాం మనిషి దొరికాడట, నల్లది వెనక్కిచ్చేస్తాడట. ఇంకో కబురు కూడా ఉందన్నాడు, ఈ మూడు నెలల లెక్క ఇవాళే వచ్చిందట, నల్లపెట్టె అమ్మకాలు మళ్ళీ పుంజుకున్నాయట, పంతులమ్మగారి చెయ్యి మంచిదట.

"తెప్పించు నాయనా, నీకు పుణ్యముంటాది," అంది హైమవతి. "కానీ ఎన్ని అమ్ముడుపోయేయో మటుకు నాకు చెప్పకు. నల్లది ఇజీనారంలో మా వదిన దగ్గర ఒకటున్నాది. నాకు అది చాలు."

"ఆ ఫోను పెట్టెయ్యవే," అంది జగదీశ్వరి తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "గట్టు తెగిపోతన్నాది, ఇటు చూడు."