పడుగు దగ్గర తీసిన హాజరు

రాజామణి టీచర్‌కు కోపం ఎక్కువని తిరుత్తణిలో ఆమెను ఎరిగినవాళ్లందరూ చెబుతారు. ఆమె కూడా కాదనదు. "కోపం లేకపోయుంటే ఈపాటికి హెడ్‌మిస్ట్రెస్ అయ్యుందును" అంటుంది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఎనిమిదేళ్ల కిందటి ఇన్‌స్పెక్షన్ సంగతి ఎత్తితే ఆ ఈనెలు మరింత గట్టిగా తెగుతాయి. ఆ సంగతి ఆమె వరసగా చెప్పడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మధ్యలో కోపం వచ్చి లేచిపోయేది. నేను కూర్చునే ఉండేవాణ్ణి. కాసేపటికి మజ్జిగ తెచ్చి, "యాడ నిలిపినాను?" అనేది.

ఆ స్కూలు చిత్తూరు రోడ్డు మీద, తిరుత్తణికి రెండు మైళ్లలో, నేతగాళ్ల వీధి చివర ఉంది. రెండు గదులు. ఒకదాంట్లో హెడ్‌మాస్టర్ గోపాలన్ అరవ క్లాసులు చెప్పేవాడు. రెండోదాంట్లో ఒకటి నుంచి అయిదు దాకా తెలుగు క్లాసులన్నీ ఈమెవే. మొత్తం ముప్పై ఒక్క మంది, అందరూ మగ్గాల ఇళ్ల పిల్లలు. రైల్వే గేటు కాపలావాడి కూతురైన ఈమెకు మగ్గం గురించి ఏమీ తెలియదు. తెలిసిందల్లా తొమ్మిదిన్నరకు గంట కొట్టాలి, పదింటికి హాజరు పుస్తకం మూసెయ్యాలి అన్నదే.

పదింటికి గది సగం ఖాళీగా ఉండేది. మిగతా సగం పదిన్నరకు వచ్చేది, వేళ్ల మధ్య గంజి ఎండిపోయి. వచ్చి గోడకు ఆనుకుని నిద్రపోయేది. మూడో క్లాసుకు వచ్చిన పిల్లకు తన పేరు రాయడం రాదు.

"నాలుగేండ్లు కొట్టినాను" అంది రాజామణి టీచర్. దాచుకోకుండా చెప్పింది. "ఆలస్యానికి కొట్టినాను, నిద్రకు కొట్టినాను. ఒక దినం ఈడ్చుకోని వద్దామని నేనే వీధికి పోయినాను."

తెల్లవారి ఆరింటికి వెళ్లింది. వీధి పొడవునా పడుగు పరిచి ఉంది. చీరకు నిలువునా వచ్చే పోగులన్నీ కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతున్నారు. ఎండ ముదిరేలోగా అది అయిపోవాలి. మధ్యలో వదిలేస్తే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని, పడుగంతా పాడవుతుంది. అందుకే పిల్లలు కూడా కావాలి. పోగులు కలిసిపోకుండా మధ్యలో పెట్టే పుల్లలు పట్టుకోవడానికి, తెగిన పోగు వెతికి ముడి వెయ్యడానికి వాళ్ల చిన్న వేళ్లే కావాలి. ఆ వీధిలోని సెల్లమ్మ కూతురు చంద్రావతి, పలక మీద ఏడూ అయిదూ కూడలేని పిల్ల, పడుగు వెంట నడుస్తూ పోగులు వందల్లో లెక్క పెడుతోంది. ఎక్కడా తప్పడం లేదు.

"ఆ దినం సిగ్గుతో ఇంటికొచ్చినాను" అంది టీచర్. మరుసటి రోజు నుంచి బెత్తం తీసుకుపోలేదు. మొదటి బస్సెక్కి ఆరింటికల్లా వీధిలో ఉండేది. కుంచె తీసుకుని, ఇళ్ల ముందరి నల్లరాళ్ల మీద గంజితోనే అక్షరాలు రాసేది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనిపించవు. ఎండ పడి ఆరేకొద్దీ తెల్లగా తేలతాయి. తేలకముందే ఆ అక్షరం ఏదో చెప్పినవాళ్లు గెలిచినట్టు. పిల్లలు పుల్లలు పట్టుకునే చదివారు, పోగులతోనే కూడికలు చేశారు. ఎవరెవరు ఉన్నారో ఒక చిన్న నోటు పుస్తకంలో అక్కడే రాసుకుని, స్కూలుకు వచ్చాక పదిలోగా రిజిస్టర్‌లో ఎక్కించేది. గోపాలన్‌కు చెప్పే చేసింది. ఆయన సరేనని, "నాకు చెప్పినట్టు మాత్రం యాడా చెప్పొద్దమ్మా" అన్నాడట.

మూడేళ్లు గడిచాయి. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఆరుగురు ఏ పుస్తకం ఇచ్చినా తడుముకోకుండా చదివేవాళ్లు. చంద్రావతి వీధివాళ్ల ఉత్తరాలు చదివి పెట్టేది.

డెబ్భై ఎనిమిదిలో దీపావళి ముందు, ప్రతి ఇంట్లోనూ పని గొంతు దాకా ఉన్న ఒక రోజున, ఇన్‌స్పెక్టర్ దండపాణి చెప్పకుండా వచ్చాడు. పది కావడానికి పది నిమిషాలుంది. రిజిస్టర్ తెరిచాడు: ముప్పై ఒకటి. గదిలో తలలు లెక్కపెట్టాడు: పద్నాలుగు.

ఆమె భయపడలేదు. మిగతా పదిహేడు మంది వీధిలో ఉన్నారు, పొద్దుట పాఠం అయిపోయింది, హాజరు అక్కడే తీశాను, రెండడుగులు వేస్తే చూపిస్తాను అని అరవంలో చెప్పింది. ఆయన లేవలేదు. అయితే చెడ్డగా కూడా మాట్లాడలేదు. పదిన్నర దాకా ఇక్కడే కూర్చుంటానని, అంతలోగా పిల్లలు వస్తే రాసిందంతా నిజమేనని ఒప్పుకుంటానని అన్నాడు.

అది చాలు. పదిన్నరకు రోజూ వచ్చేవాళ్లే. కానీ ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన ప్యూను వీధిలోకి టీ తాగడానికి పోయి, పదిహేడు తలలు తక్కువయ్యాయని, మీ టీచరమ్మ ఉద్యోగం ఈ పూటతో సరి అని చెప్పాడు.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. పడుగు పరిచిన రోజు ఒక ఇంటి మనిషి జ్వరంతో పడుకుంటే, పక్కింటి మనిషి పిలవకుండానే వచ్చి ఆ పుల్ల పట్టుకుంటాడు. ఆ చేతికి ఈ చేయి. ఎవరి చేయి అని ఎవరూ అడగరు, పడుగు నిలిస్తే చాలు. స్కూలు కూడా అంతే అనుకున్నారు వాళ్లు. గంజి తడి మీదున్న పడుగు దగ్గర నుంచి పిల్లల్ని కదిలించలేరు కాబట్టి, ఇళ్లలో ఖాళీగా ఉన్నవాళ్లను పంపించారు. సరిగ్గా పదిహేడు మందిని.

రాజామణి టీచర్ చూస్తుండగానే గది నిండిపోయింది. నాలుగేళ్ల పిల్లవాడు అయిదో క్లాసు వరసలో కూర్చున్నాడు. చంద్రావతి చోటులో ఆమె అక్క అలిమేలమ్మ కూర్చుంది. పదిహేడేళ్లది, మెడలో పసుపు తాడు, పండక్కి పుట్టింటికి వచ్చిన పిల్ల. ఇన్‌స్పెక్టర్ పేర్లు పిలిపించాడు. చంద్రావతి అనగానే అలిమేలమ్మ కొంగు సర్దుకుని లేచి, "ప్రెజెంట్ సార్" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. దండపాణి నవ్వలేదు. పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. అలిమేలమ్మ రెండో క్లాసులోనే బడి మానేసిన పిల్ల. పుస్తకం వంక చూసి, టీచర్ వంక చూసింది.

పదిన్నరకు అయిదు నిమిషాలుండగా అసలు చంద్రావతి పరుగెత్తుకుంటూ వచ్చింది, మోచేతుల దాకా గంజితో. గుమ్మంలో నిలబడి, "అక్కా, నా తావులో నువ్వెందుకు కూచోనుండావు?" అంది.

దండపాణి రిజిస్టర్ మూసేశాడు.

టీచర్ ఆ పుస్తకాన్ని అలిమేలమ్మ చేతిలోంచి తీసుకుని చంద్రావతికి ఇచ్చింది. ఆ పిల్ల రొప్పుతూనే ఒక పేజీ ఆపకుండా చదివింది. దండపాణికి తెలుగు రాదు. చదివింది సరిగ్గా ఉందా అని గోపాలన్‌ను అడిగాడు. గోపాలన్ తన గోళ్లు చూసుకుంటూ, నేను అరవ క్లాసుల వాణ్ణి సార్, నాకు తెలియదు అన్నాడు.

"ఇంట్లో పెండ్లాంతో కొట్లాడేది తెలుగులోనే" అంది రాజామణి టీచర్. చిక్కుడుకాయ రెండు ముక్కలైంది. "ఆ పొద్దు మాత్రం మరిచిపొయినాడు."

పదిన్నర దాటేసరికి అసలు పిల్లల్లో మిగతా పదహారు మందీ గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. దండపాణి వాళ్లను దాటుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు కాగితం వచ్చింది. ఆ రోజు వేసిన హాజరు తప్పుడు హాజరని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. పెడితే హెచ్చరికతో వదిలేస్తారు, అదే స్కూల్లో ఉండొచ్చు. పెట్టకపోతే విచారణ. గోపాలన్ రోజుకు రెండుసార్లు చెప్పాడు, ఒక్క గీత గీసి పారెయ్యమ్మా అని.

కాగితం వచ్చిన సాయంత్రమే వీధి పెద్ద వరదన్, సెల్లమ్మ ఆమె ఇంటికి వచ్చారు. వరదన్ గడప దగ్గరే నిలబడ్డాడు.

"మా వల్లనే వచ్చింది తల్లీ. చేతికి చేయి ఇస్తే చాలనుకున్న్యాము."

"ఆయనకు నా పిల్లోళ్లు తలకాయలే, అన్నా. మీకు గూడా తలకాయలేనా? చంద్రావతికి బదులు ఇంగొకరు కూచుంటే సరిపోతాదా?"

"దాని చదువు మాకేం తెలుసమ్మా" అంది సెల్లమ్మ. "నిన్ను నిలబెట్టుకోవాలనే."

"తెలీదా? నీ ఉత్తరాలు చదివేది ఎవరు సెల్లమ్మా?"

సెల్లమ్మ ఏడ్చింది. టీచర్ వాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు కాస్త తగ్గింది.

విచారణ తిరువళ్ళూరులో జరిగింది. అరక్కోణంలో బండి మారి, తన చిన్న నోటు పుస్తకంతో, ముప్పై ఒక్క మంది చేతిరాత కాగితాలతో వెళ్లింది. అధికారి వాటిని పక్కకు జరిపి, ఒకే ఒక మాట అడిగాడు: పది గంటలకు ఆ పిల్లలు గదిలో ఉన్నారా, లేదా? లేరంది. అయితే సంతకం పెట్టండి అన్నాడు. ఆమె పెన్ను తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోట అరవంలో రెండు వాక్యాలు రాసింది. "పిల్లలు చదువుకుంటున్న చోట హాజరు వేశాను. వాళ్లకు బదులుగా వచ్చి కూర్చున్న పదిహేడు మందికి వెయ్యలేదు."

కవరైపేట్టై దగ్గర ఒక అరవ బడికి మార్చారు. సర్వీసు పుస్తకంలో ఆమె పని తృప్తికరంగా లేదని రాశారు. నేతగాళ్ల వీధికి పదకొండు నెలలు తెలుగు టీచర్ లేదు. మరుసటి ఏడు ఇన్‌స్పెక్షన్‌లో ఆ స్కూలుకు మంచి పేరు వచ్చిందని గోపాలనే ఎదురుపడి సంతోషంగా చెప్పాడట. పదింటికి రాని పిల్లలకు పదింటికే ఆబ్సెంట్ వేసేస్తున్నారు, రిజిస్టర్‌లో ఒక్క దిద్దుబాటు లేదు అని.

సంతకం పెట్టి ఉంటే ఆ పిల్లల దగ్గరే ఉండేదానివి కదా అన్నాను. ఆమె నా వంక చూసిన చూపుకు, ఆ ఆదివారం కథ అక్కడితో ఆగిపోతుందనుకున్నాను.

"వాండ్లు చదివింది అబద్ధమని నా చేత్తో రాసిచ్చి, తెల్లారి పొయ్యి వాండ్ల మొగం చూసి ఏమి చెప్పేది?"

కవరైపేట్టైకి ఆమె పేరున ఒక పోస్టు కార్డు వచ్చింది. చంద్రావతి రాసింది. టీచర్, కొత్త టీచర్ రాలేదు, మేము పొద్దున పడుగు దగ్గరే ఉన్నాము, రాళ్ల మీద ఎవరూ రాయడం లేదు అని. ఒక్క తప్పు లేదు. ఆ కార్డు చదివి ఆమె ఆ రోజంతా అన్నం తినలేదు. మరునాడు దాన్ని తిరువళ్ళూరు ఆఫీసుకు పంపింది, కింద రెండు ముక్కలు రాసి: ఇది పదేళ్ల పిల్ల రాసింది, మీ ఇన్‌స్పెక్టర్ వినని చదువు ఇదే.

జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కాయలు అయిపోయాయి. ఆమె చేటను విసురుగా పక్కకు నెట్టింది.

"సంతకం పెట్టనందుకు నాకేమీ బాధ లేదు. ఆ కార్డు పంపినానే, దానికి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల. అది నా బిడ్డ రాసిచ్చిన కార్డు. ఎవడూ చదవకుండానే ఏ ఫైల్లోనో పెట్టేసుంటారు."