రాహుకాలంలో ఫ్రాన్సు ఓటు

మా మావగారు యానాంలో ఫ్రెంచివాళ్ళ హయాంలో పుట్టారు. పాస్‌పోర్టు ఇప్పటికీ ఫ్రాన్సుదే. ఫ్రెంచి మాత్రం ఒక్క ముక్క రాదు. ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నికలో ఆయన సింగపూర్‌లోనే ఓటేయొచ్చు. ఆ ఆదివారం సాయంత్రం యీషున్‌లోని మా ఇంటి నుంచి రైల్లో తీసుకెళితే, తీరా పోలింగు కేంద్రం గుమ్మం దగ్గర ఆగిపోయారు. రాహుకాలమట. ఆరింటికి అది వెళ్ళేసరికి పోలింగూ అయిపోతుందని విసుక్కున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఓటు వెళ్ళేది పారిస్‌కి కదండీ, అక్కడింకా పొద్దున్నే" అని పంచె సర్దుకుని లోపలికెళ్ళారు.

నాకు ఇక్కడ ఓటు లేదు, ఇండియా వెళ్ళి వేసొచ్చే సెలవూ లేదు. ఆయన గొడుగు పట్టుకుని ఎండలో నిలబడ్డాను.

బయటికొచ్చి మెల్లగా అడిగారు. "ఇంతకీ అల్లుడుగారూ, మనవాడు గెలిస్తే యానాంలో మా వీధికి రోడ్డేయిస్తాడంటారా?"