బ్లాగుకి జవాబు జహాజులో

సముద్రం కింద కేబుల్ పడకముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ అంటే ఎదురుచూపే. ఫోన్‌లో పేజీ నొక్కి, వెళ్లి అన్నం వార్చి వచ్చినా సగమే తెరుచుకునేది. రచయితలకు సలహాలిచ్చే సైట్లేమో రోజూ సాయంత్రం ఒక పోస్టు పెట్టండి, కామెంట్ రాగానే బదులివ్వండి అని ఊదరగొట్టేవి. ఆ సలహాల వాళ్లని ఒక్కసారి మా వరండాలో కూర్చోబెట్టాలనిపించేది.

అయినా బ్లాగు మొదలుపెట్టాను. మా దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు గాని చదివేవాళ్లు తక్కువ. నా రాతలు సముద్రం దాటడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

నాన్న నన్ను రాయమని అడిగింది ఒకే ఒక్కసారి, తన అక్క కోసం. అక్కని మావాళ్లు అప్ప అంటారు. తల్లి లేని నాన్నని అప్పే పెంచింది. శ్రీకాకుళం తీరం వదిలి అండమాన్ ఓడ ఎక్కుతానంటే, ఎక్కితే నాకు తమ్ముడు లేడనుకుంటాను అందట. ఎక్కాడు. ఇక్కడే వల వేశాడు, ఇల్లు కట్టాడు, ముసలివాడయ్యాడు. ఆమె కబురు పెట్టలేదు, ఈయన వెళ్లలేదు. ఆ రోజు ఒడ్డున నిలబడ్డ అప్ప కనుమరుగయ్యేదాకా డెక్కు మీదే ఉన్నానని, అది ఆమెకి తెలియాలని నాన్న చెబుతుంటే రాశాను. చివర్లో "అప్పా, కోపం పోయిందా?" అని పెట్టించాడు. వాళ్ల ఊరి కుర్రాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో ఆ లింకు పెట్టాను.

మర్నాటి నుంచి నాన్న చూపంతా హార్బర్ మీదే. విశాఖపట్నం జహాజు వచ్చిన రోజు జెట్టీకి వెళ్లి, దిగినవాళ్లలో మన వైపు వాళ్లని పట్టుకుని ఊరి కబుర్లు అడగడం మా పెద్దవాళ్ల అలవాటు. జవాబు ఫోన్‌లో వస్తుంది నాన్నా అని నవ్వేదాన్ని.

"నీ నెట్టుకి భరోసా ఏటుంది అమ్మీ? మన కబురు ఎప్పుడైనా జహాజులోనే వచ్చింది" అనేవాడు.

వానలకి నెట్ బొత్తిగా పడిపోయింది. ఆ రోజుల్లోనే జహాజు వచ్చింది. అందులోంచి దిగిన అప్ప ఊరివాడొకడు జెట్టీ మీదే చెప్పాడట, అప్ప పోయిందని, దినకార్యాలు కూడా అయిపోయాయని. నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చుండిపోయాడు. ఆయన ఏడవలేదు. నాకే ఏడుపు ఆగలేదు. ఆ బ్లాగుని తలుచుకుంటేనే అసహ్యం వేసింది.

నెట్ వచ్చాక, అంతా తీసేద్దామని తెరిస్తే ఆ పోస్టు కింద ఒక కామెంట్ ఉంది. అప్ప మనవడు రాసింది. తారీఖు చూశాను. ఆమె పోకముందుదే. నాన్న పక్కన కూర్చుని చదివాను.

"మా నాయనమ్మకి ఇది చదివి వినిపించాను. మరోసారి చదవమంది. తమ్ముడి మీద కోపం లేదు, ఓపాలి వచ్చి కనపడమని రాయమంది."

నాన్న ఫోన్ వైపు వంగి ఆ అక్షరాలు చూశాడు.

"అయితే ఇనే ఎల్లింది" అన్నాడు. మళ్లీ, "ఇంకోపాలి సదువమ్మీ" అన్నాడు.

చదువుతుండగానే నెట్ మళ్లీ పోయింది. పేజీ మూస్తే తిరిగి ఎప్పుడొస్తుందో తెలియదు. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు, ఫోన్ కదపకుండా. ఆ మూడు మాటలే అడిగినన్నిసార్లూ చదివాను.