డాక్టరొస్తే లేవకు

ఎవలన్న పెద్దమనిషి కనవడితే లేచి నిలవడుడు మా పెద్దబాపుకు అలవాటు. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లకు నడుము వంగింది, మోకాళ్లు బిగుసుకపోయినయి, గని గా అలవాటు పోలే.

వికలాంగుల పింఛను సర్టిఫికెట్ కోసం దవాఖాన క్యాంపుకు తీస్కపోయిన. "డాక్టరొస్తే లేవకు పెద్దబాపు" అని దారి పొడుగునా చెప్పిన. తలకాయ ఊపిండు.

డాక్టర్ రాంగనే గోడ పట్టుకొని, పండ్లు బిగవట్టి లేచిండు. దండం పెట్టిండు.

"మంచిగనే నిలవడ్డవ్ గదా తాతా! పర్సంటేజీ సరిపోదు, పింఛను రాదు" అన్నడు డాక్టర్, కుర్చీల కూసుంటనే.

నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చినంక పెద్దబాపు మీదనే ఒర్రిన: "చెప్పిన గదనే, ఎందుకు లేచినవ్?"

"కూసోని అడిగితే బిచ్చమడిగినట్టుంటది బిడ్డా" అన్నడు.