ఉప్పు చూసే అంబుజత్త

మా ఊళ్ళో ఎవరింట్లో కూర ఉడికినా అందులో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చాల్సింది అంబుజత్తే. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. పిలవకుండానే వస్తుంది, గరిటె అందుకుంటుంది, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకి కళ్ళు మూసుకుంటుంది. ఆమె కళ్ళు తెరిచేదాకా ఇంటిల్లిపాదీ కంచాల ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.

అరకేర దగ్గర చిన్న పల్లె మాది. బస్సు దిగితే బండల గుట్ట, గుట్ట కింద నలభై రాతిగోడల ఇళ్ళు, ఆపైన కనుచూపు మేరా నల్లరేగడి. ఈ చివర నుంచి ఆ చివరకు నాకు ఐదు నిమిషాల నడక. అత్తకు ఒక పూట. దారిలో పొయ్యిలన్నీ చూసుకుంటూ రావాలి కదా.

శివప్ప కూతురి పెళ్ళికి మాన్వి నుంచి వంటాయన వచ్చాడు. అత్త సాంబారు నాకి, ఉప్పు తక్కువంది. తను ఇరవై ఏళ్ళుగా వండుతున్నానని ఆయన మీసం దువ్వాడు.

"ఇరవై ఏండ్ల సంది గిట్లనే తక్కువేస్తున్నవా?" అంది అత్త. ఆయన ఇంకో గుప్పెడు వేశాడు.

కిందటేడు పత్తి తీసే రోజుల్లో మేఘ అనే కొత్తకోడలు మాతో పనికి రాసాగింది. ఆమె మొగుడు యల్లేశ్ కాలు విరిగి మంచంలో ఉన్నాడు. మధ్యాహ్నం మేమంతా వేపచెట్టు కింద డబ్బాలు విప్పితే, ఆ పిల్ల మాత్రం దూరంగా వీపు తిప్పుకుని కూర్చునేది. సిగ్గనుకున్నాం.

నాలుగో రోజు అత్త వెళ్ళి ఆ పిల్లకూ మాకూ అడ్డంగా కూలబడింది. మంచినీళ్ళిద్దామని వెనకే వెళ్ళాను. మేఘ మూత గట్టిగా పట్టుకున్నా అత్త లాగేసింది.

డబ్బా ఖాళీ. మేఘ మొహం పాలిపోయింది. చెట్టు కింద అందరూ తీర్పు కోసం చూస్తున్నారు.

అత్త ఆ ఖాళీ డబ్బాలో వేలు పెట్టి, అడుగంతా తుడిచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏంది పిల్లా, గింత ఉప్పేసినవ్? గిది తింటే పడిపోతవ్" అంది, చేనంతా వినబడేలా. మూత బిగించి, తన రొట్టెల మూట ఆమె ఒళ్ళో పెట్టింది. "నాది తిను. ఉప్పెంతెయ్యాల్నో తెలుస్తది."

అందరూ నవ్వారు. మేఘ తల వంచుకుని మూడు రొట్టెలు తింది. అత్త మా డబ్బాల్లో తలా ముక్క రుచి చూస్తూ తన కడుపు నింపుకుంది.

ఇంటికొస్తూ, నీకెట్లా తెలిసిందని అడిగాను.

"మూడు దినాల సంది వాళ్ళింట్ల పొయ్యి ఎలగలే, శృతీ. అన్నమిస్తే తీసుకోదు, రోషం పిల్ల. ఊరంత ఉప్పు కోసమే తిరుగుతున్ననా నేను?" అంది.

ఆ తర్వాత పత్తి అయ్యేదాకా మేఘ కూరలో రోజూ ఉప్పు ఎక్కువే అయింది. ఆ పిల్లకు వంట రాదని ఆడవాళ్ళంతా తేల్చేశారు. యల్లేశ్ లేచి నడిచేదాకా నేనూ నోరు విప్పలేదు.

అత్త మూట మాత్రం రెట్టింపయింది. ఆమె భర్త హంపయ్య మామకు సంగతేమీ తెలియదు. ఆ చలికాలమంతా టీకొట్టు దగ్గర కనబడ్డవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకున్నాడు, మా ఆమె ఈ వయసుల గూడ పూటకు ఎనిమిది రొట్టెలు తింటదని.