రెండు బంట్లు వదిలే ఆట

నా చిన్నప్పుడు నాచారంలో మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. వాళ్ల నాన్నగారు సైంటిస్టు, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. అక్క ఎమ్మెస్సీ చదువుతూ, సాయంత్రాలు వరండాలో నాతో చదరంగం ఆడేది. మా నాయినది రైల్వేలో పని. ఆయనకు ఈ ఆట మీద పెద్ద గురి లేదు. "ఉప్పల్ల పోటీల మంచిగ ఆడితే సరే, లేకుంటే బందు జేసి పదో తరగతి సూసుకో" అని తేల్చి చెప్పేశాడు.

అప్పటికి నా దగ్గరున్న ఆయుధం ఒక్కటే. దాన్ని డేనిష్ గాంబిట్ అంటారు. ఆట మొదట్లోనే రెండు బంట్లను ఎదుటివాళ్లకు కావాలని వదిలేస్తాం. వాళ్లు వాటిని ఏరుకునేలోపు మన ఒంటెలు రెండూ వాళ్ల రాజు వైపు గురిపెట్టి నిలబడతాయి. మా బడిలో దానికి ఎవరూ నిలవలేదు. కానీ మా లెక్కల సారు ఒకరోజు చూసి, అది తప్పుడు ఆట, తెలిసినవాళ్లు ఎదురైతే మునిగిపోతావన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సాయంత్రం కాగానే అక్క దగ్గరికి పోయాను.

"గా ఆట మంచిదా, తప్పా? నువ్వు జెప్పు అక్కా."

అక్క బోర్డును తిప్పింది. తెల్ల పావులు తన వైపు పెట్టుకుని, "నీ ఆట నేను ఆడతాను. నువ్వు ఓడించి చూపించు" అంది.

ఓడించలేకపోయాను. ఆ రోజే కాదు, ఎన్నో సాయంత్రాలు. రెండు బంట్లూ తీసుకుని, ఆ లాభం చేజారకుండా చూసుకోవాలన్న ఆరాటంలో నా పావులన్నిటినీ ఇరుకున పెట్టుకునేదాన్ని. ఈలోపు అక్క ఒంటెలు వచ్చి మీద పడేవి. ఉక్రోషంతో కళ్లనీళ్లు తిరిగేవి. అక్క ఓదార్చేది కాదు, దారీ చూపించేది కాదు. పకోడీల పళ్లెం నా వైపు జరిపి మళ్లీ పావులు పేర్చేది.

ఒక సాయంత్రం విసుగొచ్చి, ఈ లాభమే నాకొద్దనుకుని, మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోసేశాను. తీసుకున్నవి తిరిగి పోయాయి గానీ నా పావులకు దారి తెరుచుకుంది. మంత్రులు ఇద్దరూ పోయి, చివరికి ఇద్దరం సమానంగా మిగిలాం. అక్క ముఖంలో నవ్వు అప్పుడు చూశాను.

"ఇప్పుడు నువ్వే చెప్పు. మంచిదా, తప్పా?"

"గీ జవాబు తెల్వనోళ్ల మీద మంచిదే. తెలిసినోళ్లయితే సమానం. మునుగుడైతే లేదు" అన్నాను. పోటీలో ఆడాలా వద్దా అన్నది మాత్రం అక్క నాకే వదిలేసింది.

ఉప్పల్‌లో నా చివరి ఆట సైనిక్‌పురి నుంచి వచ్చిన ఒక పొడుగాటి అమ్మాయితో. గాంబిట్టే ఆడాను. ఆమె తడుముకోకుండా అదే బంటును రెండు గళ్లు తోసింది. నాకు కంగారు రాలేదు. ఆమె కూర్చున్న చోటి నుంచి బోర్డు ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. చాలాసేపు ఆడి, ఇద్దరం సమం అని ఒప్పుకున్నాం. మొదటి బహుమతి ఆమెకే వెళ్లింది.

గోడ పక్కన నిలబడి అంతా చూసిన మా నాయిన, బస్సులో ఇంటికొస్తూ అడిగాడు. "ఆ పిల్ల గంత జల్ది ఆడుతుంటె నీకు బుగులు గాలేదా?"

"ఆమె దిక్కు నేను మస్తు సార్లు కూసున్న నాయినా."

ఆయన, ఎండాకాలం సెలవుల్లో కూడా అక్క దగ్గరికి పోయి ఆడుకొమ్మన్నాడు.

పోయినేడు నా బిడ్డ, పోచారంలో ఉద్యోగం వదిలి పిల్లల బట్టల షాపు పెట్టనా వద్దా అని నన్ను అడిగింది. వద్దన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, షాపు నడవని నెలలో ఇల్లు ఎట్ల గడుస్తదో నువ్వే ఆలోచించి చెప్పు బిడ్డా అన్నాను. వారం తర్వాత తనే తేల్చుకుని పెట్టింది. షాపు ఇంకా కుదురుకోలేదు గానీ, తను భయపడడం లేదు.

ఆ గాంబిట్‌కు జవాబు అక్కకు మొదటి రోజే తెలుసు. ఒక్క మాటలో చెప్పేసి, లోపలికి వెళ్లి తన పరీక్షలకు చదువుకుని ఉండొచ్చు. కానీ నేను కనుక్కునేదాకా నా ఎదురుగా కూర్చుంది. ఒక్క వారం నోరు కట్టుకోవడానికే నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఆ ఓపికలో నాకు కొంచెమైనా అబ్బిందంటే, అది అక్క పెట్టిన భిక్షే.